వెనక గదిలో చెంచా చప్పుడు

స్తెఫానియా గవ్లిక్ ఆ వెండి రంగు డబ్బా కొన్నది మొగుడి మీద ప్రేమతో. ఈ మాట ముందే చెప్పడం మంచిది. తరవాత్తరవాత ఆ సంగతి ఆమే మరిచిపోయింది.

మన్‌హట్టన్‌కు నది ఇవతల, పోలండు నుంచి వచ్చినవాళ్ళ పేట గ్రీన్‌పాయింట్‌లో చర్చి వెనక వీధిలో వాళ్ళది చెక్క ఇల్లు. కింద మొగుడూ పెళ్ళామూ, పై వాటాలో అద్దెకు ఇరైదా కిన్యోనెస్. లుద్విక్ నది ఒడ్డున చక్కెర మిల్లులో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి నేలమాళిగలో ఉండి గదులన్నిటికీ ఆవిరి వేడి పంపే బాయిలర్ కూడా ఆయన చేతి కిందే ఉండేది. శనివారం పొద్దున్నే దాని అడుగున చేరిన మురికినీళ్ళు బకెట్లోకి వదిలి, పైకొచ్చి చేతులు కడుక్కుంటూ, "ముసలిది బతికే ఉంది" అనేవాడు. స్తెఫా ఆ మెట్లు దిగి ఎరగదు. సాయంత్రాలు మన్‌హట్టన్ ఆఫీసుల్లో నేల తుడిచి వచ్చే మనిషి ఆమె. పరాయివాళ్ళ మరకలు అన్నేళ్ళు తుడిచిందేమో, సొంత ఇంట్లో చిన్న మరక కనబడినా ఊరుకునేది కాదు.

ఆగస్టులో లుద్విక్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చేలోగా స్తెఫా వెనక గది సిద్ధం చేసింది. మంచంలో ఉన్న మనిషికి ప్రసాదం ఇవ్వడానికి ఫాదర్ ఇంటికే వస్తాడు. ఆయన వచ్చిన గదిలో తుప్పు కనబడితే ఆ వీధిలో తల ఎత్తుకోలేరు. అందుకని గోడలు కడిగింది, కొత్త తెరలు కట్టింది, ఆ ఆవిరితో గదిని వెచ్చబెట్టే ఇనప రేడియేటర్‌కు వెండి రంగు రెండు పూతలు వేసింది. దాని చివర బొటనవేలంత బుడిపె ఒకటి ఉంటే, సన్న కుంచె తెచ్చి దాన్ని కూడా వదలకుండా పూసింది.

మంచం కిటికీ పక్కన, ఆ బుడిపె ఉన్న వైపే పడింది.

చలి మొదలవగానే లుద్విక్ వణకడం మొదలుపెట్టాడు. స్తెఫా గుమ్మంలోంచే చెయ్యి చాచి రేడియేటర్ ముట్టుకునేది. గుమ్మం వైపు కొస కాలిపోయేది.

"ఇంత వేడి పెట్టుకుని వణుకుతావేం? నీ నెత్తురే చల్లబడింది, ఇనుమేం చేస్తుంది?" అని ఇంకో దుప్పటి కప్పేది. అయినా మనసు ఒప్పక, నడవలో గోడకున్న, ఇంటి వేడి పెంచే మీట మరో గీత పైకి తిప్పేది.

పై వాటాలో ఇరైదా కిటికీలన్నీ బార్లా తీసుకుని మెట్ల మీదికి వచ్చేది. పోలిష్ వాళ్ళలో అమ్మగారిని పానీ అనాలని ఆమె నేర్చుకుంది. "పానీ స్తెఫా, ఇంత ఉడకపొయ్యడానికైతే మా ఊరు పోన్సేలోనే ఉండేదాన్ని కదమ్మా! అక్కడ కనీసం మామిడిపళ్ళైనా దొరికేవి."

"ఒంట్లో బాగోలేని మనిషున్నాడు. నీకు చెమట పడితే చచ్చిపోవులే."

లుద్విక్ ఎడం చేతికి చెంచా దొరికితే చాలు, రేడియేటర్ మీద టక్ టక్‌మని కొట్టేవాడు. ఆమె టీ పట్టుకుని పరిగెత్తేది. ఆయన గ్లాసు తోసేసేవాడు. మళ్ళీ టక్ టక్. సూప్ తెచ్చేది. అదీ వద్దు.

ఒకరోజు ఇరైదా ఆ చప్పుడు విని, "గొట్టం కొడుతున్నాడంటే వేడి రావట్లేదేమో చూడండి. మా పాత బిల్డింగులో మేమంతా అలాగే కొట్టేవాళ్ళం" అంది.

స్తెఫాకు ఒళ్ళు మండింది. "గొట్టాలు అద్దెకున్నవాళ్ళు కొడతారు. ఇంటాయన కొట్టడు."

"పోనీ, ఆ బాయిలర్ల పనివాడు ఫ్లోరియన్‌ను పిలిచి చూపించకూడదూ?"

"ఇంటి మగాడు బతికుండగా ఆ బాయిలర్ మీద ఇంకొకడి చెయ్యి పడనిస్తానా? చూస్తే ఆయన ప్రాణం ఏమవుతుంది?"

క్రిస్మస్ ముందు, చుట్టాలు వచ్చి కూర్చున్నప్పుడు ఆయన ఆగకుండా కొట్టాడు. స్తెఫా వెళ్ళి చేతిలోంచి చెంచా లాక్కుంది. "నాకున్నవి రెండే కాళ్ళు, లుద్విక్!" అంది, నలుగురికీ వినబడేలా. ఆయన ఖాళీ చేతి వంక చూసుకుని గోడ వైపు తిరిగాడు. ఆ తరవాత వెనక గదిలోంచి చప్పుడు రాలేదు. ఇల్లు నెమ్మదించిందని ఆమె అనుకుంది.

ఫిబ్రవరిలో ఊపిరితిత్తులకు జబ్బు చేసి పోయాడు. చలి వల్లే అని డాక్టరు అనలేదు. ఎవరూ అనలేదు.

మళ్ళీ అక్టోబర్ వచ్చింది. ఒక మధ్యాహ్నం నడుం నొప్పిగా ఉండి స్తెఫా ఆయన మంచం మీదే వాలింది. నడవలోంచి వచ్చిన వెచ్చదనం గుమ్మం దాకే ఉంది. కిటికీ దగ్గర చలి ఎముకల్లోకి దిగుతోంది. పడుకునే చెయ్యి చాచి రేడియేటర్ ముట్టుకుంది. సమాధి రాయిలా చల్లగా ఉంది. లేచి గుమ్మం వైపు కొస ముట్టుకుంది. కాలింది. మళ్ళీ ఇటు వచ్చి ముట్టుకుంది.

సాకుగా చెప్పుకోడానికి ఇప్పుడు ఇంటి మగాడు లేడు. ఫ్లోరియన్‌కు కబురు పెట్టింది.

ఫ్లోరియన్ చక్కెర మిల్లులో లుద్విక్ కింద పని నేర్చుకున్నవాడు. రేడియేటర్‌ను ఒకసారి చూసి నవ్వాడు. "ఎవరు వేశారు పానీ, పెళ్ళికూతురిలా ముస్తాబు చేశారు?"

"నేనే."

"ముక్కుకు కూడా వేసేశారు. లోపలున్న గాలి ఈ బుడిపెలోంచి బయటికి పోతేనే వెనక ఆవిరి వస్తుంది. ఇది మూసుకుపోతే మొదట్లోనే ఆగిపోతుంది."

ఇంకేదో చెబుతూ చేతిలో పానా తిరగేసి, దాని పిడితో బుడిపె మీద మెల్లగా కొట్టాడు. టక్ టక్. ఆగి, చెవి పెట్టి విన్నాడు. మళ్ళీ టక్ టక్.

స్తెఫా మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. "ఎందుకలా కొడుతున్నావు?"

"ఒక్కోసారి బిగుసుకుంటే ఇలా తడితే వదులుతుంది. లుద్విక్ నేర్పిందే. చేతిలో ఏముంటే దాంతోనే కొట్టేవాడు మహానుభావుడు. ఇది మాత్రం వదలదు, రంగు గట్టిపడిపోయింది." పాతది విప్పి కొత్తది బిగించాడు. అది బుస్సుమంది. వేడి ఒక్కో ఇనప మడతా దాటుకుంటూ కిటికీ దాకా వచ్చింది.

"ఇక చూడండి, మీట అంత పైకి తిప్పక్కర్లేదు, పై వాటావిడ కూడా కిటికీలు మూసుకుంటుంది" అన్నాడు.

అన్నాళ్ళూ లుద్విక్ చెంచాతో కొట్టింది తనను పిలవడానికి కాదు. పని చేసుకుంటున్నాడు. ఆ పనిముట్టే ఆమె లాక్కుంది.

ఆదివారం పాపం చెప్పుకోడానికి వెళ్ళింది. ఫాదర్ అంతా విని, తెలియక చేసినది పాపం కాదమ్మా, ప్రేమతో వేసిన రంగు దేవుడు లెక్కపెట్టడు, అన్నాడు.

"పాపం కాదని నాకూ తెలుసు ఫాదర్" అంది స్తెఫా. "ఆయనకు చలేసింది. అది చెప్పుకుందామని వచ్చాను."