కంప్యూటర్‌కు నొసలెక్కడ?

భాగీరథి పన్నెండేళ్ళు నిలబడి బతికింది. సూరత్‌లో సలాబత్‌పురా అనే బజారున ఒక చీరల దుకాణం వెనక గదిలో పొద్దున తొమ్మిదింటికి నిలబడితే సాయంత్రం ఏడు దాటితే గాని కాళ్ళు మడిచేది కాదు. చీర పరచడం, అంచులు కలపడం, మడత పెట్టడం, మళ్ళీ ఇంకో చీర. మోకాళ్ళు రెండే ఎందుకిచ్చావయ్యా, మూడోది ఉంటే వంతులవారీగా వాడుకునేదాన్ని కదా అని రాముడితో మొరపెట్టుకునేది. రాముడు మూడో మోకాలు ఇవ్వలేదు గాని, నలభై నాలుగో ఏట ఆమెకు ఒక కుర్చీ ఇచ్చాడు.

ఆ కుర్చీ అదే ఊళ్ళో అమ్రోలి పేటలో, తెలుగువాళ్ళ భజన మందిరాన్ని ఆనుకొని ఉన్న చిన్న గదిలో ఉంది. కుర్చీ ముందు బల్ల, బల్ల మీద కంప్యూటర్. ఎవరో బ్యాంకు ఆఫీసరు బదిలీ మీద పోతూ తన పాతది మందిరానికి ఇచ్చిపోయాడు. అది బాగా ముసలిదైపోయింది. దగ్గర్లోని హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పనిచేసే క్రాంతి అనే కాకినాడ అబ్బాయి ఒక ఆదివారం వచ్చి, దీనికి బరువైన సరుకు ఎక్కదు, లినక్స్ అయితే తేలిగ్గా నడుస్తుంది అని అది వేశాడు. దాన్ని నడిపే పని భాగీరథికి దొరికి, ఆమె చీరల పని మానేసింది. పోయే ముందు క్రాంతి అందులోని మాటలన్నీ తెలుగులోకి మార్చి పోయాడు.

ఆ చివరి పని ఎంత పుణ్యమో క్రాంతికి తెలియదు. భాగీరథి జమ్మికుంట దగ్గర పల్లెలో ఏడో తరగతి దాకా చదివింది. సూరత్ వచ్చాక గుజరాతీ బోర్డులు చదవలేక బస్సును రంగును బట్టి, దుకాణాన్ని మెట్లను బట్టి గుర్తు పెట్టుకొని ఇరవై ఏళ్ళు గడిపింది. అలాంటిది తెర మీద "భద్రపరచు", "మూసివేయి", "నిష్క్రమించు" అని కనబడేసరికి, బడిలో పంతులు పేరు పెట్టి పిలిచినట్టయింది. అంత పెద్ద మాటలు ఆమె ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఒకరోజు భర్త డ్యూటీకి బయలుదేరుతుంటే "ఇగ నిష్క్రమించు" అంది. ఆయన ఒక చెప్పు వేసుకొని రెండోది వేసుకోవడం మరిచిపోయాడు.

రెండేళ్ళలో ఆమె అందరికీ కంప్యూటరక్క అయింది. బడి దరఖాస్తులు, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కించడం, కాజీపేటకు రైలు టికెట్లు, ఆధార్‌లో తప్పుపడ్డ ఇంటిపేర్లు, అన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. వచ్చినవాళ్ళు ఊరికే రారు. ఒకామె కరివేపాకు తెచ్చేది. ఎదురుగా దర్జీ పని చేసే గుజరాతీ ముసలాయన, ఆమె మోకాలి సంగతి తెలిసి, కుర్చీకి అడగకుండానే మెత్త కుట్టి ఇచ్చాడు. అన్ని రకాల మంచితనాల మధ్య భాగీరథి కూర్చొని పని చేసేది. కూర్చొని పని చేయడం అంటే ఏమిటో నిలబడి చేసినవాళ్ళకే తెలుస్తుంది.

అట్లాంటి కుర్చీకి ముప్పు వచ్చింది.

ఒక సోమవారం సాయంత్రం పని ముగించి "మూసివేయి" అని నొక్కింది. తెర నల్లబడింది. సంచి భుజాన వేసుకొని, గడప దగ్గర దండం పెట్టుకొని, తలుపు దగ్గరికి వేయబోతుంటే వెనక నుంచి గుర్రుమని చప్పుడు. కంప్యూటర్ మళ్ళీ లేచి కూర్చుంది. మళ్ళీ మూసింది. మళ్ళీ లేచింది. మూడోసారి మూసి, చెప్పులు చేత పట్టుకొని పిల్లిలా నడిచి బయటపడింది. అది అప్పుడూ లేచింది. చివరికి ప్లగ్గు పీకి ఇంటికి పోయింది. నిద్రపోతున్నవాళ్ళ గొంతు నులిమినంత పాపం చేసినట్టు అన్నం సహించలేదు.

మంగళవారం ఇంకో రకం మొదలైంది. దరఖాస్తు నింపుతుంటే తెర నడిమధ్య ఒక చిన్న పెట్టె వచ్చింది. అరవై క్షణాల్లో కంప్యూటర్ మూతపడుతుంది అని రాసి, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది అని లెక్క మొదలుపెట్టింది. కిందనే "రద్దుచేయి" అని ఉంది. ఆమె గభాలున అది నొక్కింది. మూడు నిమిషాలకు మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నానికల్లా వరుసలో కూర్చున్నవాళ్ళకు కూడా అలవాటైపోయింది. పెట్టె కనబడగానే "అక్కా, వచ్చింది" అని అందరూ కలిసి అనేవాళ్ళు. వరాఛా పేట నుంచి మనవడి బడి కాగితాల కోసం వచ్చిన సమ్మక్క అనే పెద్దామె, "గీ లెక్క సున్న దాకా పోతే ఏమైతది బిడ్డా, ఒకసారి పోనియ్యి చూద్దాం" అని ముచ్చటపడింది.

ఈ సంగతి ధర్మరాజు చెవిన పడింది. ధర్మరాజు మందిరం పెద్ద. ముప్పై ఏళ్ళు మగ్గాల షెడ్డులో మాస్టరుగా చేసి ఇప్పుడు భజన నడుపుతున్నాడు. నొసట గంధం, చేతిలో తాళాల గుత్తి. ఆయనకు భాగీరథి మీద కోపం లేదు గాని అన్నదానం గిన్నెలు పెట్టడానికి చోటు లేదు. గంగాళాలు హార్మోనియం పక్కనే ఉండి, భజనలో ఎవరి మోకాలు తగిలినా అవి కూడా వంత పాడేవి.

"ఏందమ్మా, నీ డబ్బా బంద్ చేస్తే షురువైతున్నదట, షురూ చేస్తే బంద్ అయితనంటున్నదట," అన్నాడు.

"జర తబియత్ బాగలేదు పెద్దబాపూ. బాగైతది."

"తబియత్ బాగలేని మగ్గాన్ని నేను షెడ్డుల పెట్టుకోలే. ఆదివారం కమిటీ ఉన్నది. గా లోపల బాగైతే బాగాయె. లేకుంటే గది గిన్నెలకు ఇద్దాం. నువ్వేం ఫికర్ చెయ్యకు, సలాబత్‌పురాల నీ పని యాడికి పోలేదు గదా."

పని ఎక్కడికీ పోలేదు. మోకాళ్ళే పోయాయి. ఆ మాట ఆయనతో అనలేక భాగీరథి క్రాంతికి ఫోన్ చేసింది.

క్రాంతి షిఫ్టులో ఉన్నా టీ విరామంలో పలికాడు. "కంగారు పడకండక్కా. కంప్యూటర్ తన డైరీ తనే రాసుకుంటుంది. అది చదివితే తెలుస్తుంది. ఆదేశాలు కొట్టే నల్ల కిటికీ తెరవండి, నేను ఒక్కో అక్షరం చెబుతాను."

యంత్రం డైరీ రాసుకోవడం భాగీరథికి నచ్చింది. ఒక్కో ఇంగ్లీషు అక్షరం వేలితో వెతుక్కుంటూ కొట్టింది. తెర నిండా వరసలు దిగాయి. కూడబలుక్కొని చదివి వినిపించింది.

"అదేనక్కా. పవర్ మీట నొక్కారు అని రాసింది. ఎన్నిసార్లుంది?"

ఆమె లెక్కపెట్టింది. "నిన్నొక్క దినమే నలభై ఒక్కసారి."

"ఎవరు నొక్కుతున్నారు?"

"రాముని సాక్షి తమ్ముడూ, ఎవ్వరు నొక్కలే. గదిల నేనే ఉన్న."

"అయితే మీట మీద ఏమైనా పడిందేమో చూడండి. టీ గానీ, నీళ్ళు గానీ."

భాగీరథి వంగి చూసింది. "ఏం పడలేదు. ఎప్పటి లెక్కనే ఉన్నది."

క్రాంతి ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. మీట నొక్కితే ఏం చేయాలి అనేది సెట్టింగుల్లో ఉంటుంది, అక్కడ "ఏమీ చేయవద్దు" అని పెట్టమన్నాడు. పెట్టింది. పెట్టె రావడం ఆగిపోయింది. గురువారమంతా ప్రశాంతంగా గడిచింది. ఎవరు ఏమన్నా ఏమీ చేయకుండా ఉండటం ఎంత గొప్ప గుణమో అనుకుంది.

శుక్రవారం దీపాలు పెట్టే లలితమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. మందిరంలో ప్రతి వస్తువును ఇంటి బిడ్డలా చూస్తుంది. గడపకు, గంటకు, హార్మోనియానికి బొట్టు పెడుతూ ఈ గదిలోకి వచ్చి, "ఎట్లున్నది మన పిల్ల?" అని అడిగింది.

"నిమ్మళపడ్డది అత్తా."

"దిష్టి తాకింది దానికి. ఊరంత కండ్లు దీని మీదనే ఉండె," అని తడి కుంకుమతో ఈసారి మరింత దిట్టంగా బొట్టు పెట్టింది.

ఆ మధ్యాహ్నం నుంచి కంప్యూటర్ ఏమీ అడగకుండా, లెక్కపెట్టకుండా, ఉన్నట్టుండి చచ్చిపోవడం మొదలుపెట్టింది. సమ్మక్క మనవడి దరఖాస్తు సగంలో రెండుసార్లు పోయింది. శనివారం పొద్దున లేచింది గాని, తెర మీద రాముడి బొమ్మ తప్ప ఏమీ లేదు. కింద ఉండే పట్టీ లేదు, పైన గుర్తులు లేవు. భాగీరథి చాలాసేపు ఆ బొమ్మనే చూస్తూ కూర్చుంది. స్వామీ, నువ్వొక్కడివి మిగిలావు, దరఖాస్తు ఎట్లా నింపాలో నువ్వే చెప్పు అంది.

చెప్పింది క్రాంతి. "ఊరికే ఆరిపోతుంటే సెట్టింగులు చెడిపోతాయక్కా. వాటిని దాచుకున్న సంచి ఒకటుంటుంది. దాని పేరు మార్చి పక్కన పెట్టేయండి. పాతది కనబడకపోతే అదే కొత్తది కుట్టుకుంటుంది."

సంచి భాష భాగీరథికి బాగా తెలుసు. అతను చెప్పిన మీటలు కలిపి నొక్కి నల్ల తెర మీదికి పోయి, పాత సంచికి "పాతది" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట తగిలించి, బయటికి వచ్చి మళ్ళీ లోపలికి పోయింది. పట్టీ వచ్చింది. గుర్తులు వచ్చాయి. ఆమె తన జీవితంలో ఒక యంత్రాన్ని బాగు చేసింది అదే మొదలు. ఎదురు దర్జీ ముసలాయనను పిలిచి చూపించింది. ఆయనకు తెలుగు రాదు గాని, "బహు సరస్, భాగీబెన్" అని, చాలా బాగుందమ్మా అన్నట్టు మెచ్చుకున్నాడు. ఆయన వెనుదిరిగేసరికి కంప్యూటర్ ఆరిపోయింది.

ఆదివారం పదింటికి కమిటీ. ధర్మరాజు గంగాళాలు ముందే గది గుమ్మం దాకా తెప్పించి పెట్టాడు. లలితమ్మ ప్రసాదం గిన్నెతో వచ్చి కూర్చుంది. క్రాంతికి సెలవు కాబట్టి వీడియో కాల్‌లో ఉన్నాడు.

"కెమెరా కాస్త మీట వైపు తిప్పండక్కా. ఇంకా దగ్గరికి. ఆ ఎర్రగా కనబడుతున్నదేంటి, లైటా?"

"లైటు కాదు. బొట్టు."

క్రాంతి ఫోన్‌ను కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"అక్కా, మీట మీద ఏమీ లేదన్నారు కదా."

"నువ్వు ఏమన్న పడ్డదా అని అడిగినవు తమ్ముడూ. పడలే. పెట్టిందే. బొట్టు ఎక్కడన్న పడుతదా?"

"ఎవరు పెట్టారు?"

భాగీరథి లలితమ్మ వైపు చూడలేదు. ఎప్పుడు పెట్టినా ప్రేమతో పెట్టిన చేయి అది. "నేనే పెట్టిన," అంది.

"రాముని ముంగట అబద్ధమెందుకే," అంది లలితమ్మ, ప్రసాదం గిన్నె కింద పెట్టి. "నేనే పెట్టిన బాబూ. రెండు నెలల నుంచి ప్రతి శుక్రారం. గుండ్రంగ, నడుమల, వెలుగుతుండె. అదే నొసలనుకున్న."

"తప్పులేదు అత్తయ్య గారూ. కానీ ఆ కుంకుమ తడిగా సందుల్లోకి దిగి గట్టిపడి మీటను పట్టేసింది. అందుకే నొక్కినట్టు ఉండిపోతోంది, అలా నాలుగు క్షణాలు ఉంటే ఏ సెట్టింగునూ లెక్కచేయకుండా ఆరిపోతుంది. ముందు ప్లగ్గు తీసేసి మెల్లగా గోకండక్కా."

భాగీరథి ప్లగ్గు తీసి, పిన్నీసుతో మొదలుపెట్టింది. ధర్మరాజు కళ్ళజోడు పెట్టుకొని దగ్గరికి వచ్చాడు. మగ్గం మాస్టరు ఎంతైనా, మరమ్మతు జరుగుతుంటే దూరంగా ఉండలేడు. ముందు ఎర్రటి పొర పెళ్ళగా లేచింది. దాని కింద పసుపు. దాని కింద ఇంకోటి, తెల్లగా, గీస్తే వాసన వేసింది.

లలితమ్మ వంగి వాసన చూసింది. "కుంకుమ నాదే. పసుపు నాదే. గంధం నాది కాదు."

అందరి చూపూ ఒక్క నొసటి మీదికే పోయింది.

ధర్మరాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది శుభ్రంగానే ఉంది. "మా మనవరాలు గీ డబ్బా మీద టికెట్ తీసుకున్నంక," అన్నాడు మెల్లగా, "బండి టైముకు వచ్చింది. సీటు గిట్ల కిటికీ దిక్కు వచ్చింది. ఏదో, మొదటిసారి పెట్టిన. తర్వాత ఒకటి రెండుసార్లు, జర పనిచెయ్యాలె గదా అని."

"ఎప్పుడు పెద్దబాపూ?"

"గుర్తు లేదు. మొన్న గురువారం దాకా."

భాగీరథి నవ్వు ఆపుకోవడానికి గోకడం మీద దృష్టి పెట్టింది. పొడిగుడ్డతో తుడిచి మీట నొక్కితే టక్కున లోపలికి పోయి టక్కున బయటికి వచ్చింది. ప్లగ్గు పెట్టారు. లేచింది. ఆమె "మూసివేయి" నొక్కింది. తెర నల్లబడింది. ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. అది లేవలేదు. ఇంతమంది ఒక యంత్రం పనిచేయకుండా ఉన్నందుకు సంతోషించడం ఆ మందిరంలో ఎప్పుడూ జరగలేదు.

"మరి బొట్టు ఎక్కడ పెట్టాలె బాబూ?" అని అడిగింది లలితమ్మ. వదిలేయమని ఆమె అనుకోలేదు, ఎవరూ అనలేదు.

క్రాంతి పురోహితుడిలా ఆలోచించాడు. "ముందు వైపు రంధ్రాల మీద వద్దు, గాలి ఆడాలి. వెనక వైపు అసలే వద్దు, కరెంటు. పక్కన రేకు ఉంది చూడండి, నున్నగా. అక్కడ ఎంతైనా పెట్టండి."

"చెంప మీద బొట్టా?"

"దిష్టి చుక్క అనుకోండి, అత్తయ్య గారూ."

అది ఆమెకు సమ్మతమైంది. కమిటీ అంటే మిగిలిన ఇద్దరు ముగ్గురు ధర్మరాజు ముఖం చూశారు. ఆయన గుమ్మం దగ్గరి గంగాళాల వైపు చూశాడు. ఇక గది సంగతి ఎత్తే దారి ఆయన గంధమే మూసేసింది.

"గిన్నెలు మా ఇంట్ల పెడ్తం," అన్నాడు చివరికి. "బాల్కనీ ఉన్నది. మా ఇంటామె ఏమంటదో ఏమో."

ఆయన ఇల్లు పక్క సొసైటీ ఫ్లాట్లలో నాలుగో అంతస్తు. లిఫ్ట్ లేదు. పెద్ద గంగాళానికి ఒక చెవి ఆయన పట్టుకుంటే రెండో చెవి భాగీరథి పట్టుకుంది. వద్దన్నా వినలేదు. రెండో అంతస్తులో ఆయన కోసం, మూడో అంతస్తులో ఆమె కోసం ఇద్దరూ ఆగారు. చప్పుడు విని ఒక గుజరాతీ అమ్మాయి తలుపు తీసి, ఏమీ అడగకుండా రెండు గ్లాసుల నీళ్ళు, ఆమె కోసం ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి మెట్ల మీద పెట్టింది.

"కూసో బిడ్డా," అన్నాడు ధర్మరాజు. "తొందరేం లేదు."

భాగీరథి కూర్చుంది. ఆయన మాత్రం గంగాళానికి ఆనుకొని నిలబడే నీళ్ళు తాగాడు.