పెద్దబాపు ఏరిచ్చిన టైర్లు

మొన్న బుధవారం మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, చనిపోయాడు. ఉట్నూరు బడిలో నేను పిల్లలకు లెక్కలు చెబుతుండగా ఆయన కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు. "చెల్లె, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కుర్సీల కూసున్నడు, గట్లనే ఒరిగిండు. జల్ది రా. ముసురు పట్టింది, ఎక్కువసేపు ఉంచెటట్టు లేదు" అన్నాడు. కిటికీ బయట వాన కురుస్తూనే ఉంది. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆ వానలో, ఆ అడవి దారిలో, కారు నడుపుకుంటూ ఒక్కదాన్నే లక్షెట్టిపేటలో మా ఇంటి దాకా దిగాలి.

ఆ భయం సంగతి చెప్పకుండా ఆయన గురించి మీకు చెప్పలేను.

పెద్దబాపు బొగ్గు గనిలో డంపర్ల టైర్లు విప్పి బిగించే పని ముప్పై ఏళ్లు చేశాడు. రిటైరయ్యాక మా ఇంటి పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. పొద్దున్నే గల్లీలో నడుస్తూ ఆగి ఉన్న ప్రతి బండి టైరునూ అరచేత్తో నిమిరి చూసేవాడు. బండి ఎవరిదైనా సరే, "గాలి తక్కువున్నది, కొట్టిచ్చుకో" అని గుమ్మంలోకి కేకేసి పోయేవాడు. గల్లీకి కొత్తగా వచ్చినవాళ్లు కొన్నాళ్లు ఆయనను అనుమానంగా చూసేవారు.

నాది చిన్న ఎలక్ట్రిక్ కారు. ఒక్క చార్జింగుతో బడికి పోయి రావాలి. అడవి మధ్యలో ఆగిపోతానేమోనని రోజూ మిగిలిన చార్జింగు అంకె వైపే చూసేదాన్ని. టైర్ల వైపు చూడలేదు. చూసింది పెద్దబాపే. "ముంగటి టైర్లు అయిపోయినయి బిడ్డా. కరెంటు బండి బరువెక్కువ. తొక్కంగనే గుంజుతది. ముంగటియి జల్ది అరుగుతయి" అని రెండుసార్లు చెప్పాడు. ఏ టైరు వేస్తే చార్జింగు మిగులుతుందో ఫోనులో వెతుకుతూ నేను వారాలు గడిపాను.

పోయిన వానాకాలంలో ఒకరోజు నా ఆరేళ్ల కూతురిని కూడా బడికి తీసుకెళ్లాను. తిరిగి వస్తుంటే తుంపర. ఉట్నూరు దిగే వంపులో ఒక ట్రాక్టరు ఆగి ఉంది. బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. సబ్బు మీద కాలేసినట్టు జారి, అడ్డం తిరిగి, వెనక చక్రం ఒకటి కల్వర్టు అంచు దాటి గాలిలో ఉండగా నిలబడింది. కింద ఎర్రని నీళ్లు. వెనక సీట్లోంచి పాప, "అమ్మా, బండి ఎందుకు ఆగలే?" అంది. ట్రాక్టరాయన తాడు కట్టి లాగాడు. తరవాత వారమంతా నేను బస్సులోనే వెళ్లాను. కారు తలుపు మీద చెయ్యి పడేది కాదు.

పెద్దబాపు తిట్టలేదు. టైరు ముందు గొంతుక్కూర్చొని, గాడుల అడుగున ఉండే సన్నని రబ్బరు గట్లు పైకి తేలడం చూపించాడు. "గివి తేలినయంటె టైరు పనైపోయినట్టే" అన్నాడు. ఎండ కాసిన రోజు చూసి, అన్న మెల్లగా నడుపుతుంటే ముగ్గురం మంచిర్యాల వెళ్లాం.

టైర్ల దుకాణాయన రెండు రకాలు చూపించాడు. ఒకటి తేలిగ్గా దొర్లుతుంది, చార్జింగు ఎక్కువ వస్తుంది. రెండోది తడి రోడ్డును బాగా పట్టుకుంటుంది, కానీ చార్జింగు కొంచెం తింటుంది. నేను వెంటనే మొదటిది చూపించాను. "అడవిల చార్జింగ్ అయిపోతే నేనేం చెయ్యాలె?" అన్నాను.

"చార్జింగ్ అయిపోతే బండి ఆగుతది బిడ్డా, గంతే. పట్టు పోతే బండి ఆగది."

ఆయన రెండో రకం తెప్పించి, పక్కన అచ్చు వేసిన నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం చదివాడు. "గిది మా చిన్నపోరి బడిల చేరకముందుది. రబ్బరు ఎండిపోయుంటది. కొత్తది తియ్యి" అన్నాడు. బరువు మోసే అంకె పాత టైరు మీదున్నదానికి తగ్గకుండా ఉందో లేదో సరిచూశాడు.

"ఇంత సతాయించినోళ్లను చూడలే సార్" అన్నాడు దుకాణాయన.

"సతాయిస్త. గీ బండ్ల చిన్నపోరి కూసుంటది."

గాలి నింపేటప్పుడు నా చెయ్యి పట్టి గోడ దాకా లాక్కుపోయాడు. అక్కడి బెంచీ మీద కూర్చొని, ఎన్నడూ చెప్పనిది చెప్పాడు. గనిలో ఒక డంపర్ టైరుకు గాలి నింపుతుంటే ఇనుప రింగు ఎగిరి ఆయన జోడీదారును కొట్టిందట. "పానా తెస్తనని నేను జర పక్కకు పోయిన. మళ్లి చూసెవరకు వాడు లేడు." అంతే చెప్పాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

తరవాతి వానకు తానే వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ వంపు దాకా నడిపించాడు. వెనకా ముందూ ఎవరూ లేరని చూసి, "గీడ్నే బ్రేకు తొక్కు" అన్నాడు. తొక్కాను. కారు ఆగింది. పక్కకు చూస్తే ఆయన రెండు చేతులతో తలుపు మీది పిడి పట్టుకొని, కళ్లు గట్టిగా మూసుకొని ఉన్నాడు.

"నీకు సుత భయమేనా పెద్దబాపూ?"

"మస్తు. భయం పోవాలనుకోకు బిడ్డా. ముప్పై ఏండ్లు నాకు రోజూ భయమే. గందుకే రోజూ ఇంటికచ్చిన."

బుధవారం నాడు ఆ వంపులన్నీ క్షేమంగానే దిగాను. జన్నారం దాటాక లోతట్టు వంతెన మీది నుంచి వాగు పారుతోంది. నా కళ్లముందే రెండు జీపులు దాటాయి. అవతలి నుంచి ఒకాయన, "రా మేడమ్, మోకాలు లోతే ఉన్నది!" అని చెయ్యి ఊపాడు. అన్న మళ్లీ ఫోన్ చేశాడు. "ఎక్కడున్నవే? బాపును తీస్కపోనీకి అందరు లేస్తున్నరు." దాటితే ఆయన ముఖం చివరిసారి చూస్తాను. నీళ్ల కింద రోడ్డు ఉందో లేదో తెలియదు. గేరులో వేశాను, తీశాను. మళ్లీ వేశాను. చివరికి బండి ఆపేసి స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. ఏడుపు అప్పుడొచ్చింది. వాగు తగ్గడానికి రెండు గంటలకు పైనే పట్టింది.

గోదావరి ఒడ్డుకు చేరేటప్పటికి చితి అంటించేశారు. "వాగు దాటలేకపోయిన అన్నా, భయమైంది" అన్నాను. అన్న నా తల మీద చెయ్యి పెట్టాడు. "మంచిగ చేసినవ్. బాపు ఉంటే గదే అంటుండె."

ముసురు ఆగలేదు. ఆయనతో గనిలో పనిచేసిన నలుగురు ముసలివాళ్లు చితి మీద తడి పడకుండా పొడవాటి కర్రలతో రెండు రేకులు ఎత్తి పట్టుకున్నారు. సెగకు ఒకరు వెనక్కి తగ్గితే ఇంకొకరు ఆ కర్ర అందుకుంటున్నారు. రేకుల అంచుల కిందినుంచి పొగ బయటికొచ్చి, పైకి పోలేక, నీళ్లకు ఆనుకుంటూ అవతలి ఒడ్డు వైపు పోతోంది.