కుప్పం నుంచి తెచ్చిన క్లచ్

పాలిటెక్నిక్ పాసై ఇంకా ఉద్యోగం దొరకని ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. మదనపల్లెలో ఎవరి బండి దగ్గినా వెళ్ళి చెవి పెట్టి, అడక్కపోయినా జబ్బు పేరు చెప్పేవాణ్ణి. (చాలాసార్లు తప్పే. అయినా తగ్గేవాణ్ణి కాదు.) అందుకే మా మేనమామ కారుకు క్లచ్ పోయిందనగానే, పార్టులు తెచ్చే పని నెత్తిన వేసుకున్నాను.

మామ మిషన్ ఆసుపత్రిలో డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. ఆయన ఎవరి కారు నడిపేవాడో ఆ విదేశీ డాక్టరు ఊరు విడిచి వెళ్తూ తన చిన్న నల్లకారును మామకే ఇచ్చేశాడు. ఆదివారం అత్తను అందులో కూర్చోబెట్టుకుని చర్చికి పోవడం మామకు ఆరాధనలో సగం. అత్త వెనక సీట్లోనే కూర్చోవాలి, డాక్టరుగారి దొరసాని అక్కడే కూర్చునేది కాబట్టి. అలాంటి కారు ఒక ఆదివారం గేరు మార్చబోతే గరగరమని, గంతేసి, గేటు దగ్గరే ఆగిపోయింది. "క్లచ్ పోయినాది. బండి బాగయినాకే చర్చికి వస్తా" అని మామ మొండికేశాడు. చర్చిలో పాట ఎత్తుకునేది మామే. ఆయన పాటలేని చర్చి నుంచి అత్త వారం వారం కళ్ళు తుడుచుకుంటూ వచ్చేది.

మెకానిక్ మేస్త్రీ విప్పి చూపించాడు. క్లచ్ ప్లేటు అరిగే ఉంది. నేను దాన్ని పేపరు మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీత గీసుకుని, ఊళ్ళోనే సరిగ్గా అంత ప్లేటు తెచ్చాను. అది షాఫ్టులోకి దూరితేనా! మధ్య రంధ్రంలో పళ్ళుంటాయనీ, అవీ లెక్క కుదరాలనీ గీత గీసే సంబరంలో మరిచిపోయాను. మేస్త్రీ నవ్వి, "గాజులకు పోయి చీర కొల్సుకోనొచ్చినట్టుండాదప్పా" అన్నాడు.

ఈసారి పాత ప్లేటునే సంచిలో వేసుకుని పుంగనూరు పోయాను. (బస్సులో ఒకామె దోసెపెనం ఎంతకు కొన్నావని అడిగింది.) పాతసామాన్ల అంగడిలో పళ్ళు రెండుసార్లు లెక్కపెట్టి మరీ తెచ్చాను. ఆ ప్లేటు చక్కగా కూర్చుంది. మామ ఎక్కి క్లచ్ తొక్కి చూసి, "బిగుతుగా ఉండాది. ఇది మన బండిది గాదు" అన్నాడు. స్ప్రింగులుండే ప్రెషర్ ప్లేటు కూడా మారిస్తే మెత్తబడొచ్చని మేస్త్రీ అన్నాడు.

దాంతో కుప్పం. అక్కడ ఒక ముసలాయన అటక మీంచి దుమ్ముపట్టిన పెట్టె దించాడు. రెండు ప్లేట్లూ ఉన్నాయి, నంబరు అంకె అంకె కలిసింది. "ఇదే లాస్టు తంబీ, ఇంక యాడా దొరకదు" అన్నాడు. దాన్ని ఒళ్ళోంచి దించకుండా ఇంటికి తెచ్చాను.

మేస్త్రీ వాటిని బిగించి, ఆదివారం పొద్దున తానూ వచ్చి కారు పక్కన నిలబడ్డాడు. మామ తెల్లచొక్కా వేసుకుని కారెక్కాడు. అత్త వెనక సీట్లో పాటల పుస్తకంతో సిద్ధంగా ఉంది. మామ తొక్కాడు. పెడల్ సగం దిగి ఆగింది. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇది గూడా మనది గాదురా."

నాకు ఒళ్ళు మండింది. "నంబరు సూడు మామా! దిగు, నేను తొక్కి సూస్తా" అని ఆయన్ను దించి కూర్చున్నాను. పెడల్ వెన్నలా దిగిపోయింది. గెలిచినవాడిలా తలెత్తాను. మామ తలుపు పట్టుకుని నిలబడి క్లచ్ తొక్కే ఎడమకాలి తొడను పిసుక్కుంటున్నాడు. కారెక్కేటప్పుడల్లా ఆ కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవడం నా కళ్ళెదుటే జరిగేది. పళ్ళు రెండుసార్లు లెక్కపెట్టిన నేను ఆ కాలిని ఒక్కసారీ చూడలేదు. మేస్త్రీ తల వంచుకుని శుభ్రంగా ఉన్న స్పానరునే తుడుస్తున్నాడు.

"ఎట్లుండాది?" అన్నాడు మామ. ఆ గొంతులో భయం వినబడి, పెడల్ మీంచి కాలు తీసేశాను.

"బిగుతుగానే ఉండాది మామా. నేనే తప్పుది తెచ్చినా."

మామ ఊపిరి వదిలాడు. "నేను సెప్పలా? పోనీలే, ఆ కాలం పార్టులు ఇంక యాడొస్తాయి." అత్త దిగి, ఆటోను పిలిచింది. ఆ కాలి సంగతి అందరికంటే తనకే ముందు తెలుసనుకుంటాను. ఆ పూట మామ చర్చికి పోయాడు, పాడాడు కూడా.

తర్వాత ఏ పెళ్ళికి పోయినా మామ నన్ను అందరికీ చూపించి, "మావోడు సదువుకున్నోడే గానీ, క్లచ్ ప్లేటు గుర్తుపట్టేది తెలీదు" అని పగలబడి నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. మొన్న ఒక పెళ్ళిలో ఎవరో, బండ్ల సంగతి నన్ను మించి తెలిసినవాడు లేడని పొగిడారు. అలవాటు చొప్పున నవ్వి పక్కకు చూశాను. కాదని చెప్పడానికి మామ లేడు.