మెల్లకన్ను పస్తులు

ఆ ప్రయోగశాలలో ఆవిణ్ణి అందరూ అక్క అనే పిలుస్తారు, వయసులో ఆవిడకంటే పెద్దవాళ్ళతో సహా. పిలుపు వరకే ఆ వరస. భోజనానికి మాత్రం ఎవరూ పక్కన కూర్చోరు, పురుగులు పట్టుకున్న చేతులని వాళ్ళ జంకు. అందుకే అక్క మధ్యాహ్నం డబ్బా విప్పేది పురుగుల గదిలోనే. ఇంటికెళ్ళినా పలకరించే దిక్కు లేదు. ఉన్న ఒక్క తమ్ముడు ఆదివారం ఫోన్ చేసి, "బాగున్నావా" అని అడిగి, జవాబు సగంలో ఉండగానే "సరే మరి" అంటాడు.

ఆ గదిలో గాజు పళ్ళెంలో బల్లపరుపు పురుగొకటి ఉండేది. గోరంత పొడవు, కాగితమంత పలచన. తలమీది రెండు కళ్ళూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు ఉండటంతో అక్క దానికి మెల్లకన్ను అని పేరు పెట్టింది. అది దొరికిన వాగు మీద ఇప్పుడు సిమెంటు పలకలు పరిచేశారు. ఎంత వెతికినా ఇంకోటి కనబడలేదు. అది కొత్త జాతో కాదో తేల్చాలని పెద్ద మేడమ్ పట్టుదల. అక్కకి అంతకన్నా ఎక్కువ. లోకంలో దానికంటూ ఒక పేరుండాలని ఆవిడ కోరిక.

తేల్చడమంటే, తోక చివర చిన్న ముక్క కోసి, దాని డీఎన్‌ఏలో ఒక భాగం చదివించి, తెలిసిన జీవులన్నిటి జాబితాతో పోల్చడం. దుకాణంలో వస్తువు మీది గీతలు చూసి పేరు చెప్పినట్టన్నమాట. అందుకే దీన్నీ బార్‌కోడ్ అంటారు. వినడానికి ఎంతో సులువు. తీరా చేయబోతే పురుగు ఒంటి జిగురు మందుల్ని పనిచేయనివ్వదు. మిగతా జీవులకి సరిపోయే పద్ధతి దీనికి సరిపోదు. ఆ తిప్పలన్నీ పడి ఫలితం తెప్పిస్తే, అది కోడి అని వచ్చింది.

మేడమ్ నవ్వేసి ఇంకో ముక్క కోయించింది. మళ్ళీ కోడే. ఈసారి నవ్వలేదు.

"అక్కా, దాని పేగు తోక దాకా ఉంటుంది. తిన్నదే పరీక్షలో ముందు బయటపడుతుంది. కోసేముందు వారం పస్తు పెట్టమన్నాను. పెట్టారా?"

అక్క నేలచూపులు చూసింది. "పెట్టాను మేడమ్. కానీ నేను తింటుంటే అది పళ్ళెం అంచుకొచ్చి చూస్తుంది. కోడిగుడ్డు పచ్చసొన, ఆవగింజంత..."

"దానికి వెలుతురూ చీకటీ తప్ప ఏమీ కనబడవక్కా."

"తెలుసు మేడమ్."

నిజంగానే తెలుసు. తెలిసీ పెట్టింది. ఎదురుగా ఒక ప్రాణి ఉండగా ఒక్కత్తే తినడం ఆవిడ వల్ల కాలేదు, అంతే. "ఇంకొక్కసారే కోయగలం" అని మేడమ్ అంటే అక్కకి తల కొట్టేసినట్టయింది.

ఆ మర్నాటి నుంచి డబ్బా మెట్ల మీదికి మారింది. గదిలో నీళ్ళు మార్చి, పళ్ళెం వైపు చూడకుండా వచ్చేసేది. మెట్లెక్కేవాళ్ళు "భోజనమా అక్కా" అంటూ తప్పుకుని పోయేవాళ్ళు. ఆవిడ సగం కూడా తినకుండానే డబ్బా మూసేసేది. అక్కడ మెల్లకన్ను కూడా పస్తులుండి సగానికి సగం చిక్కిపోయింది.

మూడో ఫలితం వచ్చినరోజు మేడమ్ పరుగున వచ్చింది. "అక్కా, జాబితా మొత్తం వెతికినా దీనికి దగ్గర చుట్టం ఒక్కటీ లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. అక్కా కొట్టింది. ఒక్క చుట్టమూ లేకపోవడంలో అంత సంబరమేముందో మాత్రం ఆవిడకి అంతుపట్టలేదు.

"కానీ ఇది సరిపోదక్కా," అంది మేడమ్. "జాబితాలో ఎక్కనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. కొత్తదని పేరు పెట్టాలంటే లోపలి అవయవాలు చూపించాలి. పురుగు మొత్తాన్ని మందులో వేసి, పొరలు పొరలుగా కోయాలి. మీ చెయ్యి వణకదు, మీరే వేయండి."

అక్క కాదనలేకపోయింది. పేరు కావాలనుకున్నది తనే కదా.

"ఈసారి పస్తు పెట్టక్కర్లేదు కదా మేడమ్?"

"అక్కర్లేదు. చిక్కిపోతే అవయవాలూ చిక్కిపోతాయి. నాలుగు రోజులు కడుపునిండా పెట్టండి."

అక్క డబ్బా తీసుకుని పురుగుల గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుంది.