తువ్వాలు కింద పట్టుకున్న వేళ్ళు

దయ్యం అనే మాట వింటే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత కోపమొస్తుంది. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా గాలి సోకిందనే మా అత్తతో చాలాసార్లు గొడవపడ్డాను. అమావాస్యకు గుమ్మానికి కట్టడానికి ఆమె తెచ్చిన నిమ్మకాయలు పిండి షర్బత్ చేసుకుని తాగినవాణ్ణి. ఇది చదివి మీరు నవ్వితే నేనేమీ అనుకోను. నాకు జరగకపోయి ఉంటే నేనూ నవ్వేవాణ్ణే.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వైపు పోయే రోడ్డులో నాది దర్జీ షాపు. బడి యూనిఫాంలు ఎక్కువ కుడతాను. వేములపల్లి, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో బడులకు పోయి పిల్లల కొలతలు తీసుకోవాలి, కుట్టినవి మళ్ళీ ఇచ్చి రావాలి. ఆటోల కోసం నిలబడీ నిలబడీ విసుగొచ్చి పోయినేడు ఒక బండి కొనాలనుకున్నాను. కొత్తది కొనే తాహతు లేదు. నడపడం వచ్చుగానీ బండి లోపల ఏముంటుందో తెలీదు. కుట్టు మిషన్ విప్పి బిగించేవాణ్ణి, మోటర్ సైకిల్ ఎంత అనుకున్నాను. అదీ నా పొగరు.

మా అక్క భర్త సైదులు బావ గొర్రెల బేరగాడు. కోదాడ దగ్గర ఒక ఊళ్ళో లింగయ్య అనే గొర్రెల కాపరి బండి అమ్ముతున్నాడని ఆయనే చెప్పి, తోడు వచ్చాడు. మీటరు తొంభై నాలుగు వేల కిలోమీటర్లు చూపిస్తోంది. సీటు చిరిగింది, సైలెన్సర్ తుప్పు పట్టింది, ట్యాంకు మీద గొర్రెపిల్లల గిట్టల గీతలున్నాయి. అయినా రెండో కిక్కుకే స్టార్టయింది. నాకు నచ్చింది.

గొర్రెల సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలుపుతారు. కొనేవాడు అవతలివాడి వేళ్ళు పట్టి నొక్కుతాడు. వేలికి ఇంతని ముందే లెక్క ఉంటుంది, ఎన్ని వేళ్ళు పడితే అంత ధర. పక్కవాళ్ళకు తెలియదు కాబట్టి మధ్యలో దూరి చెడగొట్టరు. ఆ సమయంలో ఒకరి చేతుల వైపు ఒకరు చూడరు, అది మర్యాద కాదు. బండిని కూడా గొర్రెను అమ్మినట్టే అమ్ముతానన్నాడు లింగయ్య. మేం పోయేసరికే భుజం మీది తువ్వాలు కుడిచేతి మీదికి కప్పుకుని కూర్చున్నాడు.

నేను చెయ్యి లోపల పెట్టాను. బావ ముందే చెప్పినట్టు నాలుగు వేళ్ళు పట్టి నొక్కాను. మొరటు వేళ్ళు. జ్వరమొచ్చినవాడి చెయ్యంత వేడిగా ఉన్నాయి. ఉంగరపు వేలికి ఉంగరం ఉంది, నా వేలి సందులో గుచ్చుకుంది. నేను దర్జీని. కళ్ళు మూసుకుని తడిమి గుడ్డ రకం చెప్తాను. చేతి విషయంలో నేను పొరబడను.

లింగయ్య పళ్ళు బిగించాడు. నుదుటి మీద చెమట పట్టింది. ధర తక్కువైందని ఏడుస్తున్నాడనుకున్నాను. కాసేపటికి సరేనని తలూపాడు. చెయ్యి బయటికి తీస్తే అరచేతికి ఏదో జిగటగా అంటింది. గ్రీజు అనుకుని ప్యాంటుకు తుడుచుకున్నాను.

తాళం మాత్రం ఎడమ చేత్తో ఇచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. "కుడి చేత్తోని ఇయ్యరాదా పెద్దమనిషీ, బిచ్చమేస్తున్నవా?" అన్నాను. లింగయ్య నేల చూశాడు. బావ నన్ను మోచేత్తో పొడిచి బయటికి తీసుకొచ్చాడు.

మా షాపుకు ఎదురుగా ఖాజా భాయ్ మెకానిక్ షెడ్డు ఉంది. పానాలు నేనిస్తా, పని నువ్వే నేర్చుకో అన్నాడు. మధ్యాహ్నం పని పలచబడ్డాక అరుగు ముందు బండి పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మొదటి రోజే ఇంజన్ ఆయిల్ మార్చి, కింది బోల్టును మిషన్ స్క్రూ అనుకుని బిగించి బిగించి మరలు తెంపేశాను. తర్వాత కార్బురేటర్ కడిగాను. కడిగిన రోజు కిక్ కొడితే రాడ్ ఎదురు తన్ని మోకాలి కింద ఎముక మీద కొట్టింది. చర్మం చీలి లోపల తెల్లగా కనిపించింది. కోపం పట్టలేక బండిని తన్నాను. బొటనవేలి గోరు ఊడింది. ఖాజా భాయ్ కడుపు పట్టుకుని నవ్వాడు.

నవ్వు ఆపి ఒక మాట చెప్పాడు. "అన్నీ తప్పులు చెయ్, పర్వా లేదు. ఇంజన్ నడుస్తుంటే చైన్ మీద గుడ్డ పెట్టకు. ఏళ్ళు పోతయ్." అలా పోగొట్టుకున్నవాళ్ళను ఇద్దరిని చూశానన్నాడు.

ఆ ఆదివారం చైన్ కవర్ విప్పాను. లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న గ్రీజు, మట్టి కలిసి రాయిలా అయింది. స్క్రూడ్రైవర్‌తో గీకుతుంటే అందులోంచి ఒక వెండి ఉంగరం ఊడిపడింది. నలిగి, సగానికి మడతపడి ఉంది. ఎవరిదో అనుకుని చొక్కా జేబులో వేసుకున్నాను.

ఇక్కడ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. బండి మెయిన్ స్టాండ్ మీద ఉంది. గేర్లో లేదు. స్పార్క్ ప్లగ్ శుభ్రం చేద్దామని ముందే విప్పి ఉంగరంతోపాటు జేబులో వేసుకున్నాను. తాళం కూడా జేబులోనే ఉంది. ప్లగ్ లేని ఇంజన్ నడవదు, ఇది ఏ మెకానిక్‌ను అడిగినా చెప్తాడు. ఎడమ చేత్తో చక్రం మెల్లగా తిప్పుతూ, కుడి చేతిలో కిరోసిన్ గుడ్డ పట్టుకుని చైన్ కింది వరసను తుడుస్తున్నాను. షాపులోంచి లేచి వచ్చినవాణ్ణి, నడిమి వేలికి అంగుస్తాన్ అలాగే ఉంది. సూది గుచ్చుకోకుండా మేం వేలికి పెట్టుకునే ఇత్తడి టోపీ అది.

కిరోసిన్ డబ్బా అందుకుందామని ఎడమ చెయ్యి చక్రం మీంచి తీశాను. చక్రం ఆగింది. ఆగడం నేను చూశాను. అంతలోనే ఎవరో తన్నినట్టు ఒక్కసారి ముందుకు తిరిగింది. గుడ్డతోపాటు నా చేతిని వెనక పళ్ళ చక్రంలోకి లాక్కుంది. ఎముకలు విరిగిన చప్పుడు ముందు విన్నాను, నొప్పి తర్వాత తెలిసింది. మూడు వేళ్ళు చైన్‌కూ పళ్ళకూ మధ్య నలిగిపోయాయి. నేను అరుస్తూ చెయ్యి లాగిన కొద్దీ చక్రం ఇంకో పన్ను ముందుకు కదిలింది. అరుగు మీద కిరోసిన్, నెత్తురు కలిసి పారాయి.

ఖాజా భాయ్ ఉరికొచ్చి చక్రాన్ని వెనక్కి తిప్పబోయాడు. తిరగలేదు. ఇద్దరు హమాలీలు వచ్చి పట్టుకుంటే తిరిగింది. తనకు ఇంజన్ చప్పుడు వినపడలేదని ఆయన ఈనాటికీ ప్రమాణం చేసి చెప్తాడు.

సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు మొదలంటా తీసేశారు. ఇంజన్ ఆన్‌లో పెట్టి చైన్ తుడిచి ఉంటావని అందరూ అన్నారు. డాక్టర్ కూడా అన్నాడు. నా చొక్కా కత్తిరించినప్పుడు జేబులోంచి ప్లగ్, తాళం, ఆ ఉంగరం తీసి నా భార్య చేతికే ఇచ్చారు. ఆమె మాత్రం ఆ మాట అనలేదు.

దర్జీకి కుడిచేతి వేళ్ళు పోతే ఇంకేం మిగులుతుందో నేను చెప్పక్కర్లేదు. కత్తెర పట్టలేను, సూదిలో దారం ఎక్కించలేను. పడుకున్నన్ని రోజులూ నాకు ఒక్కటే కసి, లింగయ్య నాకు పాడు బండి అంటగట్టాడని. కట్టు పలచబడగానే బావకు చెప్పకుండా బస్సెక్కి కోదాడ పోయాను.

లింగయ్య వాకిట్లో గొర్రెలకు ఆకు వేస్తున్నాడు. నేనేమీ అడగలేదు. ఎడమ చేత్తో గల్లా పట్టి లేపి, అదే చేత్తో చెంప మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. కింద పడితే తన్నాను. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. నా తండ్రి వయసువాణ్ణి అలా కొట్టినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఆయన ఒక్క దెబ్బకూ అడ్డం పెట్టలేదు. చివరికి తువ్వాలు తీసి కుడిచెయ్యి నా మొహం ముందు పెట్టాడు.

బొటనవేలు, చిటికెన వేలు ఉన్నాయి. మధ్యలో మూడూ లేవు. ఎప్పుడో మానిన పాత గాయం, తోలు నున్నగా సాగి ఉంది. ఆ రోజు నేను నాలుగు వేళ్ళు పట్టాను.

వెంట తెచ్చుకున్న ఉంగరం జేబులోంచి తీసి చూపించాను. లింగయ్య దాన్ని చూసి ఏడ్చాడు. "మా ఇంటిది పెట్టిన ఉంగరం బిడ్డా. గా చైన్లనే పోయింది, మూడేండ్లాయె" అన్నాడు. తర్వాత ఇంకో మాట చెప్పాడు. "నువ్వు పట్టినప్పుడు నాకు తెలిసింది. లేని ఏళ్ళు నొచ్చినయ్. ఏందో అయితదని ఎరుకే. అయినా బండి పోతే సాలనుకున్న." నీకు ఎవరు అమ్మారని అడిగితే, ఆ మనిషి కూడా తువ్వాలు తీయలేదన్నాడు.

నేను తిరుగు బస్సెక్కి వచ్చేశాను. ఆరు నెలలు బండి ఖాజా భాయ్ షెడ్డు వెనక పడి ఉంది. ఇంట్లో నా భార్య గుడ్డ కత్తిరించడం నేర్చుకుంది. ఊరి బడులు ఒక్కొక్కటే వేరే దర్జీ దగ్గరికి పోయాయి. అమ్మెయ్యి, ఇనుముకు గుణం ఉంటుందా అన్నాడు బావ. నేను ఎప్పుడూ చెప్పే మాటే ఆయన నాకు చెప్పాడు. ఖాజా భాయ్ బండిని నడిచేలా చేసిపెట్టాడు.

కొనడానికి సూర్యాపేట వైపు నుంచి యాదగిరి అని బావకు తెలిసిన గొర్రెల కాపరి వచ్చాడు. ఇరవై అయిదేళ్ళుంటాయి. నా చెయ్యి సంగతి అతనికి తెలియదు. అతను లోపలికి రాకముందే నేను భుజం మీది తువ్వాలు కుడిచేతి మీద కప్పుకున్నాను. కప్పుకుంటున్నప్పుడు లింగయ్య గుర్తొచ్చాడు. దేనికైతే ఆయన్ని నెత్తురొచ్చేలా కొట్టానో అదే నేను చేస్తున్నాను. అది తెలిసే కప్పుకున్నాను.

యాదగిరి చెయ్యి లోపల పెట్టి గోడ వైపు చూస్తూ నొక్కాడు. నాకు ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది, ఆ రోజు చైన్లో పుట్టిన నొప్పే. పోయిన వేలు ఉన్నట్టే నొప్పి పెడుతుందని, అది నరాల పని అని డాక్టర్ నాకు ముందే చెప్పాడు. కాబట్టి నా వైపు సంగతి డాక్టర్ లెక్కలోనే వదిలేస్తాను. కానీ యాదగిరి మొహం చిట్లించి ఒక మాటన్నాడు.

"నడిమి ఏలికి గా టోపీ ఏందన్నా? గుచ్చుకుంటున్నది."

నేను తువ్వాలు లాగేశాను. యాదగిరి నా చెయ్యి చూశాడు, తర్వాత తన అరచెయ్యి చూసుకున్నాడు. చొక్కాకు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

నేను షెడ్డులోకి పోయి పెద్ద సుత్తి తీసుకున్నాను. ఎడమ చేత్తో ఎత్తి బండిని కొట్టాను. ట్యాంకు సొట్టపోయింది, లైటు పగిలింది, ఇంజన్ పెంకు చీలి వేడి ఆయిల్ నా కాళ్ళ మీద చిమ్మింది. పొద్దుటి నుంచి ఎవరూ స్టార్ట్ చేయని బండిలో ఆయిల్ ఎందుకు వేడిగా ఉందో తెలియదు. ఖాజా భాయ్, బావ వచ్చి నన్ను పట్టుకునేదాకా కొడుతూనే ఉన్నాను. మర్నాడు పాత ఇనుము కొట్టుకు మోయించి, నా ఎదురుగానే గ్యాస్‌తో ముక్కలు కోయించాను.

ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనను. ఖాజా భాయ్ చైన్లోంచి తీసిన అంగుస్తాన్ నలిగిన రేకు ముక్కలా నా మిషన్ సొరుగులో ఉంది. యాదగిరి వచ్చిన రోజు కూడా అది అక్కడే ఉంది, అతను పోగానే తెరిచి చూశాను.

బండి పోయింది కదా, ఇంకోసారి తువ్వాలు కింద చెయ్యి పెట్టి చూడు, ఏమీ ఉండదు, భయం పోతుంది అంటాడు బావ. ఉండదనే నాకూ అనిపిస్తుంది. అయినా నేను పెట్టను. షాపుకొచ్చినవాళ్ళకు బట్టలు ఎడమ చేత్తోనే అందిస్తున్నాను. వాళ్ళకు కోపమొస్తే రానీ.