పలుపు అందినంత దూరం

సోమక్క నడుముకు పలుపు కట్టింది ఆమె అత్త గంగక్క. పలుపంటే ఎద్దును కట్టే తాడే, మరేదో కాదు. కరువులో ఎడ్లు అమ్ముడుపోయాక అది గోడకు ఊరికే వేలాడుతుంటే, చూపు పోయిన ముసలావిడకు దాన్ని ఎలా వాడుకోవాలో తోచింది. ఒక కొస తన నులక మంచం కోడుకు, ఇంకో కొస కోడలి నడుముకు. పత్తికొండ చుట్టుపక్కల ఇలాంటి అత్తను ఎక్కడా చూడలేదని ఊళ్ళో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆ తర్వాత ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

ముసలిదాన్ని ఊరికే తిట్టిపోయడం కూడా న్యాయం కాదు. చూపు పోయిన కొత్తలో, సోమక్క నీళ్ళకు పోయినప్పుడు తడుముకుంటూ లేచి పొయ్యి దగ్గర పడింది. చెయ్యి కాలింది. ఎంత అరిచినా ఎవరూ రాలేదు. ఆ రోజు పట్టుకున్న భయం మళ్ళీ వదల్లేదు. కొడుకు నరసన్న బేతంచెర్లలో బండలు కోసే పనికి పోయి పండగకో పబ్బానికో ఇంటికొచ్చేవాడు. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి బండలకు గిరాకీ పెరిగిందంటూ ఆ రావడమూ తగ్గించాడు. ఇంట్లో ఇక మిగిలింది అత్తాకోడళ్ళే.

ముడి విప్పుకోవడం సోమక్కకు చేతకాక కాదు. నీళ్ళకూ కట్టెలకూ అత్తకు చెప్పి విప్పుకునే పోయేది. కాస్త ఆలస్యమైతే చాలు, గంగక్క తాడు లాగి చూసి, అవతల బరువు లేదని తెలిసి, కొంపలు అంటుకున్నట్టు కేకలేసేది. పలుపు పొయ్యి దాకా వచ్చేది, గిన్నెలు కడిగే జాలాడి దాకా వచ్చేది. వీధి గడప దాకా మాత్రం వచ్చేది కాదు.

ఉగాది ముందు బళ్ళారి అవతల నుంచి శ్రీశైలానికి నడిచిపోయే భక్తులు ఆ ఊరి మీదుగానే పోతారు. కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, భుజాన కావళ్ళు వేసుకుని పోతారు. ప్రతి ఇంటి ముందూ ఎవరో ఒకరు చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడతారు. నడిచిపోయేవాళ్ళ కాళ్ళు కడిగితే ఆ శ్రీశైలం మల్లయ్య కాళ్ళు కడిగినట్టే. సోమక్క పుట్టింట్లో అలాగే కడిగింది. తానూ ఒకసారి అలా నడిచిపోవాలని, ఒళ్ళంతా దుమ్ముతో స్నానమైనా చేయకుండా గుళ్ళోకి పోయి ఆ లింగానికి తల ఆనించాలని ఆమె కోరిక. అక్కడ దాన్ని ధూళి దర్శనమంటారు. ఆమెకు ఇంకే కోరికా లేదు. ఆ ఒక్కటీ పలుపు అందేంత దూరంలో లేదు.

జొన్నల భిక్షకు వచ్చిన జంగమయ్య శాంతయ్యతో ఓ రోజు ఈ మాట చెప్పుకుంది.

"శ్రీశైలం యాడికి పోతాదమ్మా? మల్లయ్య నీ ఇంట్లోనే మంచం మింద పండుకోనుండాడు. అత్తకు చేస్తాండా అనుకోవాకు, ఆయప్పకు చేస్తాండా అనుకోని చెయ్. దినామూ చెయ్. ప్రేమ అదే వస్తాది," అన్నాడాయన.

చెప్పి, జోలెలో జొన్నలు పోయించుకుని, గంట వాయించుకుంటూ వెళ్ళిపోయాడు. చేయాల్సింది సోమక్క.

చేసింది. ముసలిదాని మొహం కడిగేటప్పుడు "నీకే మల్లయ్యా" అనుకుంది. తడిసిన గుడ్డలు ఉతికేటప్పుడూ అనుకుంది. సంగటిని మజ్జిగలో పలచగా పిసికి, ముసలిదాన్ని లేపి కూర్చోబెట్టి, తల తన భుజానికి ఆనించుకుని తినిపించేటప్పుడూ అనుకుంది. పడుకోబెట్టి పెడితే పొలమారుతుంది, ఓసారి అలాగే గుడ్లు తేలేసింది కూడా. నోరు మల్లయ్యా అంటుంటే లోపల ఇంకో గొంతు "ఎప్పుడు పోతావే" అని అడిగేది. ప్రేమ రాలేదు. ఒళ్ళు నొప్పులు వచ్చాయి, కోపం వచ్చింది, కోపం వచ్చినందుకు భయం వచ్చింది. దేవుడికి పెట్టే ముద్దలో విషం కలుపుతున్నట్టుందని పక్కింటి వెంకటేశ్వరమ్మ దగ్గర ఏడ్చింది.

"ఈ తూరి పోయిరా సోమక్కా. నువ్వొచ్చేదాకా ఆయమ్మను నేను చూసుకుంటా," అంది వెంకటేశ్వరమ్మ. "చెప్తే పోనీదు. చెప్పకుండా పో."

ఆ ఏడు గజ్జెల చప్పుడు వీధి మొదట్లో వినబడగానే సోమక్క నడుము ముడి విప్పింది. ముసలిది లాగి చూస్తే బరువు తగలాలని ఆ కొసను రోకలికి కట్టింది. గడప దాటి వీధిలోకి వచ్చింది. గుంపులో ఒక కన్నడ ముసలమ్మ చెల్లెల్ని పిలిచినట్టు "బా తంగీ, బా" అంటూ చెయ్యి పట్టుకుని, తన గజ్జెల్లో ఒక వరుస విప్పి ఆమె కాలికి కట్టింది. ఊరు దాటాక సోమక్క చిన్నపిల్లలా నవ్వింది. కాళ్ళకు దుమ్ము అంటుకుంటుంటే ఒళ్ళు పులకరించింది.

మధ్యాహ్నం దారిలో ఎవరో భక్తులందరికీ అన్నం పెట్టారు. సోమక్క ముద్ద కలిపి, అలవాటు కొద్దీ "నీకే మల్లయ్యా" అని, అత్త తల ఆనడానికన్నట్టు భుజం వంచింది. అప్పుడు తట్టింది. ముసలిదాన్ని కూర్చోబెట్టి తినిపించాలని వెంకటేశ్వరమ్మకు చెప్పలేదు! పడుకున్నదాని నోట్లో ముద్ద పెడితే ఇంకేముంది?

చెప్పి వస్తానని, రాత్రి దిగే ఊళ్ళో కలుసుకుంటానని కన్నడ ముసలమ్మకు మాటిచ్చి వెనక్కు తిరిగింది. దారి పొడవునా అత్తను తిట్టింది, శాంతయ్యను తిట్టింది, మల్లయ్యను కూడా వదల్లేదు.

పొద్దు వాలేటప్పటికి ఇల్లు చేరింది. వెంకటేశ్వరమ్మ పెట్టిపోయిన సంగటి ముట్టకుండా అలాగే ఉంది. గంగక్క మంచం అంచున కూర్చుని ఉంది. తాడు లాగి లాగి, ఈడ్చుకొచ్చిన రోకలిని ఒళ్ళో పెట్టుకుని ఉంది. కేకలేమీ వేయడం లేదు. సోమక్క గడప దాటి లోపలికి అడుగు వేసింది.

గజ్జెలు విని ముసలిది తలెత్తింది. "ఎవురు స్వామీ? శ్రీశైలం పాదాలా? రా స్వామీ. కడిగే కోడలు పోయింది, నేనే కడుగుతా."

నేనే అత్తా అనబోయింది సోమక్క. అంతలోనే ముసలిది మంచం కింద తడిమి, తాగడానికి పెట్టిన చెంబు తీసి, కిందికి జారి కూర్చుని ఆ పాదాల మీద నీళ్ళు పోసింది. కాలిన చేత్తో దుమ్ము రుద్దింది.

"నా కోడలు మీ ఎంబడే వచ్చింది స్వామీ. దాన్ని ఎద్దును కట్టినట్టు కట్టినా. ఏం చేసేది? చీకట్లో శానా భయం నాకు. అది భుజానికి ఆనించుకోని బువ్వ పెడతాది. దాని గుండె కొట్టుకునేది వినపడితే నేను బతికే ఉండానని తెలుస్తాది. దాన్ని మళ్ళీ పంపు. ఇంక కట్టేయను. నీ మింద ఒట్టు."

అంటూనే ఆమె వేళ్ళు సోమక్క కాలి చిటికెన వేలి దగ్గరికి వచ్చాయి. ఎప్పుడో బండ పడి వంకరపోయిన వేలది. గంగక్క చేతులు ఆగాయి. ఆ వేలిని ఇంకోసారి తడిమి, మళ్ళీ కడగసాగింది. ఆ తడి చేతులు కళ్ళకద్దుకుంది.

ఇన్నాళ్ళూ మంచం మీద మల్లయ్యను వెతికింది సోమక్క. ఆ మంచం మనిషి ఇప్పుడు తనను మల్లయ్యనుకుని అడుగుతోంది. ఇందరు ఇలా కాళ్ళు పట్టుకుని అడుగుతుంటే ఆయన మాత్రం ఆ కొండ మీద నుంచి ఎక్కడికి కదులుతాడు అనిపించింది. మొదటిసారి ఆమెకు దేవుడి మీద జాలి కలిగింది. ఆ వెనకే ముసలిదాని మీద.

"ఆకలైతాందా?" అంది.

"అయితాంది సోమీ."

కూర్చోబెట్టి, భుజానికి ఆనించుకుని తినిపించింది. నీకే మల్లయ్యా అనుకోవడం మరిచిపోయింది.

పలుపు మళ్ళీ గోడకెక్కింది. గంగక్క ఒట్టు తప్పలేదు. సోమక్క ఎంతసేపు బయట ఉన్నా కేక లేదు, అడగడం లేదు. అయినా బావి దగ్గర నిలబడి కబుర్లు చెప్పడం సోమక్కకు చేతకాలేదు. చెవి ఇంటి వైపే ఉండేది.

మరుసటి ఉగాదికి గజ్జెలు వినబడ్డాయి. "పోయిరా సోమీ. వెంకటేశ్వరమ్మకు అన్నీ నేనే చెప్తా," అంది గంగక్క. సోమక్క మూట కట్టుకుని గడప దాటింది. కన్నడ ముసలమ్మ గుర్తుపట్టి "బా తంగీ" అని చెయ్యి చాపింది. సోమక్క వెనక్కి చూసింది. గంగక్క ఖాళీ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, మొహం వీధి వైపు తిప్పి కూర్చుని ఉంది.

భక్తులు వీధి దాటిపోయారు. గజ్జెల చప్పుడు ఆగిపోయేదాకా నిలబడి, సోమక్క లోపలికొచ్చి మూటను నేలకేసి కొట్టింది.

"కట్టేసింటే తెంచుకోని పోయిందును గదత్తా! ఎందుకు విప్పితివి?" అని ముసలిదాని ఒళ్ళో తల పెట్టుకుని గొల్లుమంది.