పైడిరాజు టిక్కు పెట్టిన బస్తా

నాలుగేళ్లుగా నేను మోస్తున్న దాని బరువు నలభై గ్రాములు. అంతకన్నా ఎక్కువ ఉండదు. పాత ఫోన్లోంచి తీసిన ఉబ్బిన బ్యాటరీ అది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు.

నేను బీటెక్ చదివాను. మా నాన్నది కృష్ణా జిల్లా. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం కోసం వచ్చారు, నేను ఉక్కునగరం క్వార్టర్లలోనే పెరిగాను. గాజువాక అవతల ఒక షెడ్డులో నాకు ఉద్యోగం. పాత ఫోన్లు, టీవీలు, కంప్యూటర్లు విప్పి దేనికది వేరుచేస్తాం. ఊళ్లో పారేసే ఎలక్ట్రానిక్ సామాను చాలావరకు చెత్తకుప్పల్లోకే పోతుంది. వైర్లు కాల్చి రాగి తీసుకుంటారు, మిగిలిన విషం మట్టిలో కలుస్తుంది. మేం ఆ పనిని పద్ధతిగా చేస్తాం. పద్ధతి రాసింది నేను. ముక్కలు చేసే యంత్రంలోకి ఒక్క బ్యాటరీ పోయినా అంటుకుంటుంది. కాబట్టి బ్యాటరీ ఏ వస్తువుల్లో దాగి ఉంటుందో ఇరవై రెండు అంశాల జాబితా తయారుచేసి గోడకు అంటించాను.

పైడిరాజు దానివైపు చూసేవాడు కాదు. వాళ్లది పద్మనాభం దగ్గర పల్లె, వరి పండించే కుటుంబం. రోజూ బస్సులో వచ్చేవాడు. అంతకుముందు సైకిల్ మీద తిరిగి పాత సామాన్లు కొనేవాడు. ఫోను వెనక బొటనవేలితో ఒకసారి నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇటో అటో పెట్టేసేవాడు. కారుతున్న బ్యాటరీకి తియ్యటి వాసన ఉంటుందట. నాకు ఆ వాసన ఎప్పుడూ తెలియలేదు. ఉబ్బినవాటిని ఇసుక డబ్బాలో పాతేవాడు. చూడడం అయిపోయిన బస్తా మీద సుద్దముక్కతో టిక్కు పెట్టేవాడు.

మొదటి నెల నన్ను సార్ అన్నాడు. రెండో నెల నుంచి బావ. ఒకరోజు నా జాబితా ముందు నిలబడి, కూడబలుక్కుని మొత్తం చదివాడు.

“బావా, నీ కాయితంలో దోమల బ్యాట్టు లేదేటి?”

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు వచ్చిన సామానులో దోమల బ్యాట్లు ఎనిమిది. విడిగా కూర్చుని లెక్కపెట్టాను.

ఉక్కునగరంలో నాలుగు సెక్టార్లలో నేను సేకరణ పెట్టెలు పెట్టించాను. వాటిలో కొబ్బరి బొండాలు, చిప్స్ ప్యాకెట్లు పడ్డాయి. పైడిరాజు ఏ ఇంట్లో ఏ షిఫ్టో అడిగి తెలుసుకుని, నైట్ షిఫ్టు చేసినవాళ్లు నిద్రలేచే వేళకు తలుపు తట్టేవాడు. ఆటో నిండిపోయేది. నేను పెరిగిన కాలనీ అది. మా నాన్న పగలు పడుకుంటే మునివేళ్ల మీద నడిచినవాణ్ణి నేను. మరి అది నాకెందుకు తోచలేదు? ఎక్కడో పల్లె నుంచి వచ్చినవాడికి ఎలా తోచింది?

మా అమ్మ నా మొదటి కంప్యూటర్‌ని మంచం కింద దాచుకుంది. ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. పైడిరాజుకు ఇచ్చేసింది. గుమ్మంలో కూర్చుని విప్పి, ఏ ముక్క ఎక్కడికి పోతుందో చూపించాడట. ఎంత వివరంగా చెప్పాడో ఆ అబ్బాయి, అంది నాకు అన్నం వడ్డిస్తూ. వివరంగా. నా గురించి అనాల్సిన మాట.

దాన్ని అసూయ అని నేను అప్పట్లో అనుకోలేదు. ప్రమాణాలు అన్నాను. క్రమశిక్షణ అన్నాను. నా లాంటివాడికి మంచి పేర్లకు కొదవుండదు.

షెడ్డులో నియమం ఇదీ: ముందు పైడిరాజు టిక్కు, తర్వాత నా తనిఖీ, నా సంతకంతో చీటీ కట్టాకే బస్తా యంత్రం దగ్గరికి వెళ్లాలి. ఆరు నెలలు అతని బస్తాలు తనిఖీ చేశాను. ఒక్క తప్పూ దొరకలేదు. తనిఖీ అంటున్నాను గానీ, తప్పు దొరకాలని కోరుకుంటూ వెతికాను.

ఆ రోజు టీ వేళకు అందరూ బయటికి వెళ్లారు. ఇసుక డబ్బాలోంచి ఒక బ్యాటరీ తీశాను. ఇసుక దులిపాను. అతను టిక్కు పెట్టిన బస్తాలో, కీబోర్డుల మధ్య దోపాను. మేనేజర్ గారిని పిలుచుకొస్తాను, ఆయన ఎదుట బస్తా విప్పుతాను, బ్యాటరీ బయటపడుతుంది, చేతి మీద నమ్మకం చాలదని, కాగితం కావాలని ఆయనకు అర్థమవుతుంది. యంత్రం దాకా పోదు. ఎవరికీ ఏమీ కాదు. అంతా వరుసగా ఆలోచించుకున్నాను.

మేనేజర్ గారు ఫోన్లో మాట్లాడుతున్నారు. టీ వేళ అయిపోయేదాకా గది బయటే నిలబడ్డాను. షెడ్డులో పేలుడు వినిపించింది.

నేను వెళ్లేసరికి యంత్రం నిండా తెల్లటి పొగ. పైడిరాజు మూత లాగి, మంటలార్పే ఇసుక బకెట్టు ఎత్తి లోపలికి కుమ్మరిస్తున్నాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. సంతకం లేకుండా బస్తా ఎలా పోశారని మేనేజర్ గారు అరిస్తే, పైడిరాజు టిక్కుంది కదా సార్, అన్నారు లోడింగ్ వాళ్లు. నేను దగ్గర లేనప్పుడు నా చీటీ కోసం ఎవరూ ఆగడం లేదని అప్పుడే తెలిసింది. ఒక మనిషి చెయ్యి కాలిన వాసన వస్తుంటే, నా కడుపు మండింది ఆ మాటకి. ఇది రాయడం బ్యాటరీ సంగతి రాయడం కన్నా కష్టంగా ఉంది.

వారం తర్వాత కట్టుతో వచ్చాడు. ఎవరూ అడగకముందే, పన్నెండు మంది ముందు నిలబడి తప్పు తనదేనని, తానే చూసుకోలేదని చెప్పాడు. ప్రమాద నివేదిక నేను రాశాను. కారణం అన్న గడిలో ‘వేరుచేయడంలో పొరపాటు’ అని గుండ్రటి అక్షరాలతో నింపాను.

తర్వాత ఒకరోజు సెలవు పెట్టి కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడు. ఇసుక డబ్బా పక్కన నా దగ్గర కూర్చున్నాడు.

“కళ్లు బాగానే ఉన్నాయంతన్నాడు బావా డాట్రు.”

“మంచిదే కదా.”

“మంచిదేటి? కళ్లు బాగుంటే మరదెలగెల్లిపోనాది? నా సెయ్యి తగలకుండా ఒక్కటీ పోదు. నీకు తెల్దేటి?”

తెలుసు. ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు.

“నానింక టిక్కు ఎట్టను బావా. నా సేతిని నానే నమ్మలేకపోతన్నాను.”

“అందరికీ జరుగుతుంది,” అన్నాను.

ఒక్క వాక్యం చాలేది. ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? అది సగమే. అతని చెయ్యి తప్పు చేయగలదని అతనే నమ్మడం, ఆ క్షణంలో, నాకు కొంచెం బాగుంది.

ఇప్పుడతను సేకరణ ఆటో నడుపుతున్నాడు. వేరుచేసే బల్ల దగ్గరికి రాడు. గోడ మీది జాబితాలో ఇరవై మూడో అంశం దోమల బ్యాట్టు. నేనే చేర్చాను. పని నా పద్ధతిలోనే నడుస్తోంది. కానీ ఇసుక డబ్బా అప్పట్లా నిండడం లేదు. దొరకనివి ఎటు పోతున్నాయో నా జాబితాకు తెలియదు.

చేయని తప్పును అతను ఒక్క ఊపిరిలో ఒప్పేసుకున్నాడు. చేసినవాడికి నాలుగేళ్లు పట్టింది, అదీ పేరు లేకుండా. దానికీ అతన్ని చూస్తే నాకు అసూయే.

రేపు సాయంత్రం ఆటో వస్తుంది. బస్తా దించి, రెండడుగులు వెనక్కి జరిగి, నువ్వే సూడు బావా, అంటాడు. చూస్తాను. అప్పుడైనా నోరు విప్పుతానో లేదో మాట ఇవ్వలేను. మీరు క్షమించాలనీ అడగను. కాలింది మీ చెయ్యి కాదు.

ఆ నివేదికలో ఒక్క గడి మాత్రం ఇక్కడ దిద్దుతున్నాను. కారణం: పైడిరాజు కనిపెట్టి, తీసి, ఇసుకలో పాతిన బ్యాటరీని నేను తవ్వి అతని బస్తాలో పెట్టాను.

రాశాను. నలభై గ్రాములూ కాగితం మీదికి దిగాయి.